కొళాయి మీద పానా పెట్టొద్దు

(కర్నూలులో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో నీటి చార్జీల మీద జరిగిన సభలో ఒక రిటైర్డ్ మున్సిపల్ ఉద్యోగి మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకు వినపడుతోందా? అక్కలందరూ గోడ వారగా నిలబడి ఉన్నారు. నీళ్ల మీద సభ పెట్టుకున్నప్పుడు ముందు వరసలో కూర్చోవాల్సింది మీరే. అన్నా, ఆ రెండు వరసలు ఖాళీ చేసి వాళ్లకివ్వండి. నేను ఆగుతాను, పర్వాలేదు.

నేను ఏ పక్క నుంచి వచ్చిన మనిషినో ముందే చెప్పాలి. 32 ఏళ్లు మున్సిపాలిటీ ఉద్యోగం చేశాను. అందులో 26 ఏళ్లు బిల్ కలెక్టర్‌ని. ఇంటి పన్ను, కొళాయి పన్ను వసూలు చేయడమే నా పని. ఏ ఊళ్లో అనేది చెప్పను. నాతో పనిచేసిన వాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు, వాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. వాళ్లకు మాట రావడం నాకు ఇష్టం లేదు.

నాకంటే ముందు మాట్లాడిన తమ్ముడు నీళ్లకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దన్నాడు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ కోపం నాకు తెలుసు, పాతికేళ్లకు పైగా గడపగడపకూ తిరిగి ఆ కోపం విన్నవాణ్ణి. అయినా నేను ఆ మాట అనలేను. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి నీళ్లు మన కొళాయి దాకా రావాలంటే పంపులకు కరెంటు కావాలి, పటిక కావాలి, క్లోరిన్ కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వాల్వు తిప్పే మనిషికి నెలనెలా జీతం అందాలి. ఆ మనిషి చాలా ఊళ్లలో కాంట్రాక్టు కూలీ, జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషి. ఆయన కడుపు కొట్టి మనం ఉచితంగా తాగుదామని నేను చెప్పలేను.

నేను చెప్పడానికి వచ్చింది ఒక్క మాట. బాకీ ఎంత ఉన్నా, ఎన్నాళ్ల నుంచి ఉన్నా, మనుషులు కాపురం ఉండే ఇంటికి తాగునీటి కొళాయి కట్ చేయకూడదు. మీ డిమాండ్లలో ఇది లేదు. కరపత్రం చదివాను, రేటు తగ్గించాలని ఉంది, బకాయిల మీద వడ్డీ రద్దు చేయాలని ఉంది. కట్ చేయొద్దనే మాట మొదటి డిమాండుగా రాయమని అడగడానికి వచ్చాను. ఎందుకో చెబుతాను.

20 ఏళ్ల కిందటి మార్చి నెల. మార్చి అంటే మా ఆఫీసులో అందరికీ టెన్షన్. 31వ తేదీ లోపల డిమాండులో, అంటే రావాల్సిన పన్నులో, ఇంత శాతం వసూలు చూపించాలి. రోజూ పొద్దున ఎనిమిదింటికి మీటింగు, నిలబెట్టి అడుగుతారు. నా వార్డు వెనకబడింది. ‘కనీసం కొన్ని కనెక్షన్లయినా కట్ చేసి చూపించు, చూసినోళ్లు భయపడి కడతారు’ అన్నారు. నేను, ఒక ఫిట్టరు, ఒక హెల్పరు బయల్దేరాం. ఫిట్టరు భుజాన గోనెసంచి, అందులో రెండు పైపు పానాలు, పైపు మూతి మూసే డమ్మీలు.

వీధి చివరి ఇల్లు. రేకుల కప్పు, గడపకు పసుపు. కొళాయి ఇంటి ముందర గుంతలో ఉంది. ఆ గుంతలు మీకు చెప్పాల్సిన పని లేదు. ప్రెజర్ లేని వీధుల్లో నీళ్లు పైకి ఎక్కవు కాబట్టి, నడుము లోతున తవ్వి, పైపును అక్కడికక్కడే కోసి, కింద కొళాయి పెట్టుకుంటారు. ఆడవాళ్లు గుంతలోకి దిగి, చెంబుతో ముంచి బిందెలో పోసి, బిందె పైకెత్తి గట్టు మీద పెట్టి, మళ్లీ వాళ్లు ఎక్కాలి. ఆ గుంతకు మూడు మెట్లున్నాయి, బండరాళ్లు పేర్చిన మెట్లు. అడుగున పాచి.

లోపలి నుంచి ఒక అవ్వ వచ్చింది. వెనక పదేళ్ల మనవరాలు. నేను రిజిస్టరు తెరిచి చెప్పాను, నెలకు 60 రూపాయలు, 18 నెలలు, మొత్తం 1,080. అవ్వ అంది, ‘మేం బాడిగకున్నాం నాయనా. కొళాయి పన్ను కలిపే బాడిగ ఇస్తన్నాం.’ ఇంటి ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు. రిజిస్టర్లో పేరు ఆయనదే. ఆమె చెప్పేది నిజమని నాకు అక్కడే అర్థమైంది. అయినా కట్ చేయమన్నాను.

ఆ రోజు నీళ్లొచ్చే రోజు. మూడు రోజులకొకసారి వచ్చే లైను, అప్పుడే మొదలైంది. ధార పెన్సిలంత సన్నంగా ఉంది. అవ్వ ఏడవలేదు, తిట్టలేదు. ‘ఒక్క బిందె పట్టుకుంటా, ఆమీన మీ ఇష్టం’ అంది. సరేనన్నాను. మనవరాలు గుంతలోకి దిగి చెంబు పెట్టింది. ఆ బిందె నిండడానికి పది నిమిషాల పైనే పట్టింది. ముగ్గురు మగవాళ్లం పానాలు పట్టుకుని గట్టు మీద నిలబడి, ఒక పసిపిల్ల బిందె నింపుకోవడం చూస్తూ ఉన్నాం. పిల్ల పైకొచ్చాక ఫిట్టరు దిగి, కొళాయి ఊడదీసి డమ్మీ బిగించాడు. దారిలో నాతో ఒకే మాట అన్నాడు, ‘సార్, ఆ లైనుకు నీళ్లే సరిగా పోవు. బిల్లు మాత్రం నిండుగా పోతుంది.’

నేను రిజిస్టర్లో ఎర్ర ఇంకుతో ‘కనెక్షన్ తొలగించబడినది’ అని రాశాను. మరునాడు మీటింగులో నన్నెవరూ నిలబెట్టి అడగలేదు.

ఇప్పుడు వసూలు సంగతి వినండి. ఆ 1,080 రూపాయలు ఎప్పుడొచ్చాయి? నాలుగు నెలల తర్వాత. ఓనరు ఇల్లు అమ్ముకోవాలనుకున్నాడు, బాకీ లేదని కాగితం కావాల్సి వచ్చింది, వచ్చి ఒక్కసారే కట్టేశాడు. కొళాయి కట్ చేసినందుకు రాలేదు ఆ డబ్బు. ఆయనకు కాగితం అవసరం పడి వచ్చింది. మధ్యలో నాలుగు నెలలు ఆ అవ్వ మొదట పక్కింటి వాళ్ల దగ్గర తెచ్చుకుంది. వాళ్లకే చాలని నీళ్లు, ఎన్నాళ్లిస్తారు? ఆ తర్వాత మెయిన్ రోడ్డుకు అవతల ఉన్న బోరింగు. ఉప్పు నీళ్లు. లారీలు తిరిగే రోడ్డు. మనవరాలు నడుమున బిందె పెట్టుకుని ఆ రోడ్డు దాటడం నేను వార్డుకు వెళ్లినప్పుడల్లా చూశాను. అప్పుడు బడి టైము.

ఈ సంగతి ఇన్నేళ్లలో సభలో చెప్పడం ఇదే మొదటిసారి. తప్పు నాది, ఆ పూట కట్ చేయమన్నది నా నోరే. కానీ నా నోటితో ఆ మాట అనిపించిన పద్ధతి ఇంకా ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఎవరి కొళాయి కట్ అవుతుందో కూడా నాకు తెలుసు. పెద్ద బాకీలు ఎవరివో రిజిస్టరు చూస్తే కనబడుతుంది. మా దగ్గర పై పది పేర్లలో సగం ప్రభుత్వ ఆఫీసులే. మిగిలినవి కల్యాణ మండపాలు, లాడ్జీలు, కోర్టు స్టే తెచ్చుకున్న కాంప్లెక్సులు. లక్షల బాకీ ఉన్నవాళ్లకు కవర్లో పెట్టి ఉత్తరం పంపేవాళ్లం. వెయ్యి రూపాయల బాకీ ఉన్న ఇంటికి పానా పట్టుకుని పోయేవాళ్లం. ఎందుకంటే అక్కడ మాకు ఫోన్ చేయించే వాళ్లు ఎవరూ ఉండరు. శాతం లెక్కలో కట్ చేసిన కనెక్షన్ల సంఖ్య అడుగుతారు తప్ప, ఎవరివి కట్ చేశావని ఎవరూ అడగరు.

సరే, డబ్బు సంగతికి వద్దాం. పేదవాళ్లు నీళ్లకు డబ్బు కట్టరనే మాట చాలామంది ఆఫీసర్ల నోట విన్నాను. మనం లెక్క వేసుకుందాం. 20 లీటర్ల క్యాను 15 రూపాయలనుకోండి. మీ వీధిలో ఎక్కువో తక్కువో మీరే చూసుకోండి. రోజుకొక క్యాను అంటే నెలకు 450, ఏడాదికి 5,400 పైన. అదే ధరకు వెయ్యి లీటర్లు ఎంతవుతుంది? 750 రూపాయలు. ఏ మున్సిపాలిటీ ఆ రేటు అడగదు. అంటే వీధి చివరి ఇంట్లో ఉన్న మనిషి, ఊళ్లో అందరికంటే ఎక్కువ ధర పెట్టి నీళ్లు కొంటున్నాడు. ఆ మనిషిని మళ్లీ బకాయిదారు అంటున్నాం.

ఆ పైన మోటార్లు. లైను మొదట్లో ఉన్న ఇళ్లలో కొంతమంది కొళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. సంపు నిండుతుంది, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుతుంది, కారు కడుగుతారు. చివరి గుంతలోకి పెన్సిలంత ధార. ఇద్దరికీ నెలకు ఒకటే బిల్లు. ఇక్కడ ఈ హాల్లో కూడా మోటారు ఉన్నవాళ్లు ఉండొచ్చు. మీ మీద కోపంతో అనడం లేదు. నీళ్లు రాకపోతే ఎవరైనా ఏదో ఒకటి చేస్తారు. కానీ చార్జీలకు వ్యతిరేకంగా కలిసి కూర్చున్నాం కాబట్టి, ముందు మన వీధిలో మనం ఒకరికొకరం ఏం చేస్తున్నామో కూడా చూసుకోవాలి. ఆ మోటార్లు తీయకుండా మనం కమిషనర్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది అదే.

మీరు ‘ఒకసారి కడుతున్నాం కదా, మళ్లీ ఎందుకు’ అని అడుగుతున్నారు. ఇది మంచి ప్రశ్న, దీనికి జవాబు చట్టంలోనే ఉంది. ఇంటి పన్ను అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి ఒక మూట. సాధారణ పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్యం పన్ను, ఇవన్నీ కలిపి మూట కట్టుకోవచ్చని చట్టం రాసినప్పుడే రాశారు. దాని మీద గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు. అంటే నీళ్ల పేరుతో ఒక వాటా ఇంటి పన్నులోనే ఉంది. కొళాయి చార్జీ దానికి వేరుగా వస్తుంది. రెండూ నీళ్లకే అయితే, ఇంటి పన్నులో ఇచ్చింది ఎక్కడ ఖర్చయిందో చెప్పమని అడిగే హక్కు మనకుంది. నేను 26 ఏళ్లు రసీదులు రాశాను, ఈ ప్రశ్న నన్ను అడిగిన వాళ్లు నలుగురో అయిదుగురో.

ఈ మధ్య రేట్ల గొడవ ఎక్కడ మొదలైందో కూడా తెలుసుకోవాలి. 2020 మే నెల. కరోనా, లాక్‌డౌన్. రాష్ట్రాల చేతిలో డబ్బు లేదు. కేంద్రం రాష్ట్రాల అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది, కానీ పెంచిన దాంట్లో కొంత భాగానికి షరతులు పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్నుకు, నీళ్లకు, డ్రైనేజీకి కనీస రేట్లు ప్రకటించాలనేది ఒక షరతు. ఆ ఒక్క షరతుకు 0.25 శాతం అప్పు. దాన్ని అందరికంటే ముందు పూర్తిచేసిన రెండు రాష్ట్రాల్లో ఒకటి మధ్యప్రదేశ్, రెండోది మన ఆంధ్రప్రదేశ్. మనకు 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. ఆ తర్వాతే ఇంటి పన్నును ఆస్తి విలువ మీద లెక్కగట్టే పద్ధతి వచ్చింది. పెంపు ఏడాదికి 15 శాతం మించదని చెప్పారు. ఏటా 15 శాతం పెరిగితే అయిదేళ్లకు రెట్టింపవుతుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెత్త మీద యూజర్ చార్జీ 2021లో వచ్చింది. దానికి వ్యతిరేకంగా రాష్ట్రమంతా జనం మాట్లాడారు, 2024లో అది పోయింది.

నేను ఏ పార్టీనీ అనడం లేదు. షరతు ఢిల్లీలో పెట్టారు, సంతకం ఇక్కడ చేశారు, బిల్లు మన గడప దగ్గరికి వచ్చింది. ఈ దారి మొత్తం మనకు తెలియాలి. లేకపోతే వార్డు సచివాలయంలో కూర్చున్న చిన్న ఉద్యోగి మీద, బిల్లు తెచ్చిచ్చిన ఆడపిల్ల మీద కేకలేసి ఇంటికొస్తాం. నేను ఆ కేకలు తిన్నవాణ్ణి. రేటు నిర్ణయించేది ఆ అమ్మాయి కాదు.

2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఒక ప్రమాణాల పట్టిక వేసింది. మా ఆఫీసుకు కూడా వచ్చింది. నీటి సరఫరాకు నిర్వహణ ఖర్చు 100 శాతం జనం నుంచి రాబట్టాలని అందులో ఉంది. మీటింగుల్లో ఆ ఒక్క లైనే మాకు చదివి వినిపించేవాళ్లు. అదే పట్టికలో ఇంకా ఏముందో చెబుతాను. నీళ్లు 24 గంటలూ రావాలి. మనిషికి రోజుకు 135 లీటర్లు రావాలి. దారిలో పోయే నీళ్లు 20 శాతం మించకూడదు. అక్కా, మీ ఇంట్లో ఎంతమంది? అయిదుగురా. అయిదుగురికి 135 లీటర్ల చొప్పున 675 లీటర్లు. పదిహేను లీటర్ల బిందె అనుకుంటే 45 బిందెలు. రోజూ. మీకు రోజూ 45 బిందెలు వస్తున్నాయా?

(సభలో నవ్వులు, ‘వారానికి రావు’ అని ఒకరు)

వారానికి రావంటోంది. ఆ పట్టికలో ఒక లైను మన దగ్గర అమలు చేస్తామంటే, మిగతా లైన్లు కూడా అమలు చేయమని మనం అడగాలి. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం చేశారు. మీ ఇంటి 675 లీటర్లను నెలకు లెక్కిస్తే 20,250. దాదాపు అదే. ఒక కుటుంబం బతకడానికి కావాల్సిన నీళ్లు ఎన్నో ఎవరికీ తెలియక కాదు.

కర్నూలు వాళ్లకు ఈ కథ కొత్త కూడా కాదు. కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, గట్టు మీద పుట్టి పెరిగినవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉంటారు. ఆ కాలువ తవ్వింది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని 1858లో పెట్టారు. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి తెల్లదొరల ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తీశారు. రైతులు ఎగబడి నీళ్లు కొంటారని లెక్క వేసుకున్నారు. ఇక్కడి రైతు నల్లరేగడిలో వానకు జొన్న, పత్తి పండించుకునేవాడు. కంపెనీ అనుకున్నంతగా ఎవరూ నీళ్లు తీసుకోలేదు. నీటి పన్ను రాలేదు. కానీ గ్యారంటీ వడ్డీ ఆగలేదు, అది ప్రజల పన్నుల్లోంచి పోయింది. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కంపెనీని కొని, కాలువను తన చేతిలోకి తీసుకుంది. ఆ కొన్న డబ్బూ ప్రజలదే. నీళ్లకు గిరాకీ ఎంత, మనుషులు ఎంత ఇవ్వగలరు అని ఇక్కడి వాళ్లను అడగకుండా ఎక్కడో కూర్చుని వేసిన లెక్క అది. అదే కాలువ మన చేతికొచ్చాక ఎన్ని ఊళ్ల గొంతు తడిపిందో మీకు తెలుసు. కాలువలో తప్పు లేదు, లెక్క వేసిన పద్ధతిలో ఉంది.

వేరే దేశాల సంగతి రెండు ముక్కలు. ఐర్లండ్ అని చిన్న దేశం, జనాభా అర కోటి. అక్కడ ఇళ్లకు నీటి బిల్లు లేదు, పన్నుల్లోంచే ఖర్చు పెట్టేవాళ్లు. 1990లలో డబ్లిన్‌లో చార్జీలు వేశారు, కట్టని ఇళ్ల కనెక్షన్లు తీయడానికి మనుషుల్ని పంపారు. వీధి వాళ్లంతా బయటికొచ్చి అడ్డం నిలబడ్డారు. ఒకరి కొళాయి కట్ అయితే అందరూ కలిసి మళ్లీ బిగించారు. 1996 చివరికి ప్రభుత్వం ఆ చార్జీ తీసేస్తామంది. మళ్లీ 2013లో ఒక కంపెనీ పెట్టి, 2015 జనవరి నుంచి బిల్లులు మొదలుపెట్టారు. ఒక్క మనిషి ఉండే ఇంటికి ఏడాదికి 160 యూరోలు, ఎక్కువ మంది ఉంటే 260 అని పరిమితి పెట్టినా జనం ఒప్పుకోలేదు. వేలకు వేలు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల మాట కూడా ఇదే, పన్నుల్లో ఒకసారి కట్టాం కదా అని. 2016లో ఆపేశారు, 2017లో కట్టినవాళ్లకు డబ్బు వెనక్కిచ్చారు. అక్కడ ఊళ్లు వేరు, ఆదాయాలు వేరు, మనం అచ్చంగా అదే చేయాలని చెప్పడం లేదు. కొళాయి కట్ చేయడానికి వచ్చినప్పుడు పక్కింటి వాళ్లు బయటికి వచ్చారనేది నాకు ముఖ్యంగా కనిపించింది. నేను ఆ అవ్వ ఇంటి ముందు నిలబడినప్పుడు వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి.

ఇంగ్లండ్ సంగతి ఇంకా గట్టిది. అక్కడ నీటి సరఫరా 1989లో ప్రైవేటు కంపెనీల చేతికిచ్చారు. లాభం కోసం పనిచేసే కంపెనీలు. బాకీ ఉన్న ఇళ్లకు నీళ్లు కట్ చేస్తూ పోయారు. జనం, డాక్టర్లు గొడవ చేస్తే 1999లో చట్టం చేశారు. కాపురం ఉండే ఇంటికి బిల్లు కట్టలేదని నీళ్లు ఆపకూడదు. కావాలంటే కోర్టుకు వెళ్లి బాకీ రాబట్టుకో, నీళ్లు మాత్రం ఆపొద్దు. కంపెనీలు మూతపడలేదు, ఇప్పటికీ బిల్లులు వసూలు చేస్తూనే ఉన్నాయి. పానా లేకపోతే వసూలు కాదనే మా ఆఫీసర్ల మాటకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ అనే చోట 2000లో కలరా వచ్చింది. అంతకు ముందు ఉచితంగా వచ్చే వీధి కొళాయిలకు కొన్నిచోట్ల డబ్బు కడితేనే నీళ్లొచ్చే పద్ధతి పెట్టారు. కట్టలేని వాళ్లు నదికి వెళ్లారు. కలరా లక్ష మందికి పైగా సోకింది. రోగానికి ఇంకా కారణాలు ఉంటాయి, కాదనను. కానీ కొళాయి మూస్తే మనిషి నీళ్లు తాగడం మానడు కదా, ఎక్కడ దొరికితే అక్కడ తాగుతాడు. 2009 అక్టోబరులో మన ఊరు మునిగినప్పుడు చూడలేదా? ఎటు చూసినా నీళ్లు, తాగడానికి గుక్కెడు లేవు. మేడల మీద కూర్చున్నవాళ్లు ప్యాకెట్ల కోసం చేతులు చాచారు. ఆ నాలుగు రోజులు డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకటే దాహం. ఆ రోజులు గుర్తున్న ఊరు ఒక ఇంటికి నీళ్లు ఆపే పని చేయకూడదు.

మరి కట్టని వాళ్లనేం చేయాలని మీరడగొచ్చు. ఓనరు బాకీ ఓనరు దగ్గరే వసూలు చేయాలి. అమ్మేటప్పుడు, ప్లాను మార్చేటప్పుడు, ఏదో ఒక కాగితం కోసం ఆయన రాక తప్పదు, నా 1,080 రూపాయలు వచ్చింది అట్లనే. వాయిదాలు ఇవ్వాలి. కూలీ ఇంటికి ఆరు నెలలకొక పెద్ద బిల్లు కంటే నెలకొక చిన్న బిల్లు తేలిక. పెద్ద బాకీలు ముందు వసూలు చేసి, ఆ పేర్లు సచివాలయం గోడకు అంటించాలి. ప్రభుత్వ ఆఫీసు బాకీలు కూడా.

ఇంకొకటి, నీళ్లొచ్చిన రోజులకే బిల్లు. నెలలో పది రోజులిచ్చి ముప్పై రోజుల బిల్లు వేయకూడదు. మీటర్లు పెడతామంటారు. 24 గంటలూ నీళ్లొచ్చే చోట మీటరు మంచిదే, మోటారు పెట్టి లాగేవాడికి బుద్ధొస్తుంది. మన దగ్గర మూడు రోజులకొకసారి వదిలే లైన్లలో మాత్రం ముందు గాలి వస్తుంది. నీళ్ల కంటే ముందు ఆ గాలే మీటరు తిప్పుతుంది. గాలికి డబ్బు కట్టాలి. ముందు నీళ్లు నిలకడగా ఇచ్చి, ఆ తర్వాత మీటరు మాట ఎత్తమనండి.

ఇక రేపటి నుంచి ఏం చేయాలి. ఖాళీ బిందెలతో ధర్నా అంటే మన ఊళ్లో అక్కలకు నేర్పాల్సిన పని లేదు. ఎండలో రోడ్డు మీద కూర్చుంటారు, సాయంత్రానికి ఒక ట్యాంకరు పంపిస్తారు, అయిపోతుంది. బిల్లుల మీద గొడవ మాత్రం ఎక్కువగా మగవాళ్లు, సొంతిల్లు ఉన్నవాళ్లు చేస్తారు. ఈ రెండు గుంపులూ ఇన్నేళ్లలో ఒకే దరఖాస్తు మీద సంతకం చేయడం నేను చూడలేదు. నీళ్లు రాలేదనే మాట, బిల్లు ఎక్కువనే మాట ఒకే కాగితం మీద ఉండాలి. అప్పుడు కౌంటరులో ఉన్నవాడికి తప్పించుకునే దారి ఉండదు. నీళ్లు ఇంజినీరింగ్ సెక్షన్, బిల్లు రెవెన్యూ సెక్షన్ అని మేం మిమ్మల్ని ఇటు నుంచి అటు తిప్పేవాళ్లం. నేనే తిప్పాను.

సమాచార హక్కు చట్టం 2005 కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడు అడగండి. మన వార్డుకు పోయిన ఏడాది ఏ రోజు ఎన్ని గంటలు నీళ్లు వదిలారో లాగ్‌బుక్ నకలు. నీటి చార్జీల కింద వచ్చిన డబ్బెంత, నీటి సరఫరాకు ఖర్చుపెట్టిందెంత. మూడోది, పోయిన ఏడాది ఎన్ని ఇళ్లకు కనెక్షన్ కట్ చేశారు, ఒక్కొక్క ఇంటి బాకీ ఎంత. ఈ మూడో ప్రశ్న వదలొద్దు. ఆ జవాబులో అవ్వలాంటి వాళ్లు బయటపడతారు.

వాళ్ల లాగ్‌బుక్‌కు పక్కన పెట్టి చూడ్డానికి మనకు మన లెక్క కావాలి. ఆ బల్ల మీద నోట్‌బుక్కులున్నాయి, మా ఇంట్లో వాళ్లు కూర్చుని గీతలు కొట్టారు. తేదీ, నీళ్లొచ్చిన టైము, ఆగిన టైము, ఎన్ని బిందెలు, అంతే. ఇంటికొకటి తీసుకోండి, పెన్ను దారంతో కట్టి ఉంది. కొళాయి దగ్గర మేకుకు తగిలించండి. చదువు రాని ఇంట్లో పిల్లలతో రాయించండి. ఈ వీధికి రేపు తెల్లవారుజామున వదులుతారని ఇందాక వాల్వు తిప్పే టర్న్‌కాక్ చెప్పాడు, మొదటి గీత అక్కడి నుంచే నింపండి. వీధి చివర ఉన్నవాళ్లు ముందుగా వచ్చి తీసుకోండమ్మా.